బక్కగా ఉన్నవాళ్లు ఒళ్లు చేయాలంటే: కంచంలో ఏం మారాలి, ఒంట్లో ఏం పెరగాలి

బరువు తగ్గడం గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. బరువు పెరగక బాధపడేవాళ్లకి మాత్రం వినిపించేవి రెండే మాటలు: "బాగా తిను", లేదంటే "నీకేం, అదృష్టం, ఏం తిన్నా లావెక్కవు". పెళ్లిచూపుల్లో "అమ్మాయి మరీ పీలగా ఉంది" అంటారు, కాలేజీలో "గాలొస్తే ఎగిరిపోతావు" అంటారు, చుట్టాలింటికి వెళ్తే "ఇంట్లో అన్నం పెట్టట్లేదా" అని అందరి ముందూ అడుగుతారు. లావుగా ఉన్నవాళ్లని అంటే తప్పని ఈమధ్య కాస్త తెలిసొచ్చింది గానీ, బక్కగా ఉన్నవాళ్లని అనడం ఇంకా తప్పుగా ఎవరికీ అనిపించడం లేదు. ఈ మాటలు పడీ పడీ విసిగిపోయిన కుర్రవాళ్లు చివరికి ఎవరో చెప్పిన మాత్రలో, డబ్బాల్లో వచ్చే పొడులో కొనుక్కుంటారు, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అందుకే ఎవరికి బరువు పెరగాల్సిన అవసరం ఉంది, పెరిగే బరువు ఏమై ఉండాలి, దానికి మన వంటింట్లో ఏమున్నాయి అన్నది కాస్త వివరంగా చూడాలి.

ముందు లెక్క తేల్చుకోవాలి. కిలోల్లో ఉన్న బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగిస్తే బీఎంఐ వస్తుంది. అది 18.5 కంటే తక్కువుంటే ఉండాల్సిన దానికంటే బరువు తక్కువ ఉన్నట్టు, 16 కంటే తక్కువైతే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టు లెక్క. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఈ 18.5 గీత 53న్నర కిలోల దగ్గర, 160 సెంటీమీటర్లకి 47న్నర దగ్గర, 150 సెంటీమీటర్లకి దాదాపు 42 దగ్గర పడుతుంది. ఈ గీతకి పైన ఉండి, ఏళ్లుగా అదే బరువులో నిలకడగా ఉంటూ, మెట్లెక్కితే ఆయాసం రాకుండా, ఆడవాళ్లయితే నెలసరి సరిగ్గా వస్తూ ఉంటే వాళ్లు సన్నగా ఉన్నారంతే, వాళ్లకేమీ లోపం లేదు. చుట్టాల నోళ్లు మూయించడానికి బరువు పెరగక్కర్లేదు.

గీతకి కింద ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు తక్కువమందేమీ లేరు కూడా. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 18.7 శాతం, పురుషుల్లో 16.2 శాతం ఈ గీతకి కిందే ఉన్నారు. అదే సర్వేలో ఆ వయసు మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. బరువు మరీ తక్కువున్న అమ్మాయిలకి నెలసరి తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి, గర్భం వస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుంది. మగవాళ్లయినా ఆడవాళ్లయినా చిన్న జ్వరం వస్తే మంచాన పడి తేరుకోవడానికి నెల పడుతుంది, క్షయ లాంటి జబ్బు సులువుగా పట్టుకుంటుంది.

ఎప్పుడూ ఇంతేనా, ఈమధ్య తగ్గారా

తిండి సంగతికి వెళ్లేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. చిన్నప్పటినుంచీ సన్నగా ఉండి, తండ్రో మేనమామో కూడా అదే వాటంగా ఉంటే అది చాలావరకు వంశంలో వచ్చిన ఒడ్డూపొడుగు. అలా కాకుండా, తగ్గాలని ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గిపోతే దానికి కారణం వెతకాల్సిందే. బెల్టుకి కొత్త చిల్లు పెట్టాల్సి రావడం, ఉంగరం జారిపోవడం, పాత ఫోటోతో పోలిస్తే బుగ్గలు లోపలికి పోవడం లాంటివి ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు.

ఆకలి బాగా వేస్తూ, బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందేమో చూడాలి. గుండెదడ, చేతులు సన్నగా వణకడం, అందరికీ చలేస్తున్నా తమకి చెమటలు పట్టడం దాని గుర్తులు. విపరీతమైన దాహం, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, దాంతోపాటు బరువు తగ్గడం ఉంటే షుగర్ పరీక్ష ఆ వారంలోనే చేయించుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి షుగరేంటి అని వాయిదా వేయడం చాలా ప్రమాదం, ఎందుకంటే చిన్నవయసులో వచ్చే మొదటి రకం షుగర్ ఇన్సులిన్ అందకపోతే రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు ఉంటే కళ్లె పరీక్ష. తిన్న వెంటనే విరేచనానికి పరుగెత్తడం, ఎప్పుడూ కడుపుబ్బరం, జిడ్డుగా తేలే మలం ఉంటే తిన్నది పేగులు సరిగ్గా పీల్చుకోవట్లేదని అర్థం. పిల్లలకైతే నులిపురుగులు కూడా ఒక కారణం, ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే. ఇక మనసు బాగోక తిండి మానేసినవాళ్లు, లావైపోతామన్న భయంతో కావాలనే కడుపు మాడ్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకి సున్నుండలు పెట్టడం కంటే ముందు మానసిక వైద్యుల సాయం కావాలి, బలవంతంగా తినిపించబోతే అసలుకే మోసం వస్తుంది.

క్షయ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తిండికీ ఆ జబ్బుకీ ఉన్న ముడి మన దేశంలోనే చాలా స్పష్టంగా రుజువైంది. జార్ఖండ్‌లో 2,800 మంది క్షయ రోగుల కుటుంబాలతో రేషన్స్ అనే అధ్యయనం జరిగింది, ఫలితాలు 2023లో వచ్చాయి. మందులతోపాటు ప్రతి నెలా ఆహార సామాగ్రి ఇస్తే, మొదటి రెండు నెలల్లో ఒంటి బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో ప్రాణాపాయం 61 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో మిగతావాళ్లకి కూడా సరిపడా తిండి అందిన చోట వాళ్లకి క్షయ రావడం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం క్షయ రోగులకి పోషకాహారం కోసం 2018 నుంచి నెలకి 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. మందు వేసుకుంటూ బరువు పెరగని క్షయ రోగి ఇంట్లో ఉంటే ఆ డబ్బు పడుతోందో లేదో అడిగి తెలుసుకోవడం కూడా వైద్యంలో భాగమే.

"ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు"

జబ్బులేవీ లేవని తేలాక మిగిలే ఫిర్యాదు ఇది. ఇందులో నిజం ఉంది. 1990లో క్లాడ్ బుషార్ అనే శాస్త్రవేత్త బృందం కెనడాలో 12 జతల కవల యువకులకి వారానికి ఆరు రోజుల చొప్పున, రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు పెట్టి వంద రోజులు గమనించింది. సగటున 8 కిలోలు పెరిగారు గానీ ఒకరు 4 కిలోలకి కాస్త పైన ఆగిపోతే ఇంకొకరు 13 కిలోలు దాటారు, కవలలిద్దరూ మాత్రం దాదాపు ఒకేలా పెరిగారు. అంటే ఒంటికి పట్టడం, పట్టకపోవడం అన్నది కొంతవరకు పుట్టుకతో వచ్చేదే.

1999లో అమెరికాలో జేమ్స్ లెవీన్ బృందం చేసిన ఇంకో ప్రయోగం ఆ తేడా ఎక్కడికి పోతోందో చూపించింది. 16 మందికి ఎనిమిది వారాలు రోజూ 1,000 కేలరీలు ఎక్కువ పెడితే ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి 4 కిలోలకి పైగా చేరింది. చేరని వాళ్లు వ్యాయామం చేయలేదు, తమకి తెలియకుండానే ఎక్కువ కదిలారు: కూర్చున్నచోట కాళ్లు ఊపడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం. మన ఇళ్లలో "వీడు ఒకచోట కుదురుగా కూర్చోడు" అనిపించుకునే పిల్లలు చాలామంది ఇలాంటివాళ్లే, అదనంగా తిన్నదాంట్లో చాలా భాగం అలా ఖర్చయిపోతుంది. కుదురుగా కూర్చోమని వాళ్లని కట్టేయలేం, ఆ ఖర్చు పోను మిగిలేలా పెట్టాలి.

అయితే ఈ ఫిర్యాదులో రెండో సగం కూడా ఉంది, అది చెప్పక తప్పదు. "చాలా తింటాను" అనే సన్నటి మనుషుల్లో ఎక్కువమంది పొద్దున్న టీతో సరిపెట్టి, మధ్యాహ్నం ఒక్కపూట గట్టిగా తిని, రాత్రి ఏదో తిన్నామనిపించి పడుకుంటారు. ఆ గట్టిగా తిన్న ఒక్కపూటే గుర్తుంటుంది. మూడు రోజులపాటు నోట్లో పెట్టుకున్నదల్లా, టీతో సహా, ఫోన్లో రాసుకుంటే లెక్క తేలిపోతుంది. ఇక చాలా ఇళ్లలో ఇల్లాలి కథ వేరే ఉంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అడుగంటిన కూర, మిగిలిన చారుతో రెండు ముద్దలు తిని లేచే మనిషికి ఒంటికి ఏం పడుతుంది? ఆవిడ బరువు పెరగాలంటే ముందు ఆవిడ కంచం అందరితోపాటు పెట్టాలి, గుడ్డు ఆవిడకీ ఒకటి ఉడకాలి.

ఒకే అన్నం, రెండు కంచాలు

ఎక్కువ తినమని చెప్పడం తేలిక, కానీ సన్నటి మనిషి కడుపు నాలుగు ముద్దలకే నిండిపోతుంది. అన్నం రెట్టింపు పెడితే సగం వదిలేస్తాడు. కాబట్టి మారాల్సింది అన్నంలో కలిసేది. ఉదాహరణకి మధ్యాహ్నం ఒక మనిషి 300 గ్రాముల అన్నం తింటాడనుకుందాం, అది సుమారు 390 కేలరీలు, 8 గ్రాముల ప్రోటీను. ఆ అన్నాన్ని పలచటి చారుతో సగం, పల్చని మజ్జిగతో సగం తినేస్తే మొత్తం 450 కేలరీల దగ్గర ఆగుతుంది. కడుపు మాత్రం నిండుగా ఉంటుంది, ఎందుకంటే నిండింది నీళ్లతో. బక్కగా ఉన్న ఎంతోమంది కుర్రాళ్లు మూడు పూటలా ఇదే తింటూ "కడుపు నిండా తింటున్నా" అంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

అదే 300 గ్రాముల అన్నంలో మొదట రెండు గరిటెల ముద్దపప్పు వేసుకుని, దాని మీద రెండు చెంచాల నెయ్యి వేసుకుని, నూనెలో వేయించిన ఏదో ఒక కూర నంజుకుని, ఉడికిన గుడ్డు ఒకటి పెట్టుకుని, చివర్లో మజ్జిగకి బదులు కప్పు గడ్డపెరుగు కలుపుకుంటే లెక్క ఇలా మారుతుంది: పప్పుతో 135, నెయ్యితో 90, కూరతో 80 పైన, గుడ్డుతో 75 దాకా, పెరుగుతో 120 అటూఇటూ. మొత్తం 850 దాటి 900 దగ్గరికి వస్తుంది, ప్రోటీను 30 గ్రాములవుతుంది. అన్నం మెతుకు పెరగలేదు, కడుపు మునుపటికంటే పెద్దగా బరువెక్కలేదు, అయినా ఒక్క పూటలో 400 కేలరీల తేడా వచ్చేసింది. వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా బరువు పెరగడానికి రోజుకి అదనంగా కావాల్సింది 300 నుంచి 500 కేలరీలే. అంటే ఒక్క పూట కంచం సర్దుకుంటేనే పని చాలావరకు అయిపోతుంది. చారు మానెయ్యక్కర్లేదు, చివర్లో అరగ్లాసు తాగితే చాలు.

పూటకీ పూటకీ మధ్య తినేవి రెండో అండ. వేరుశనగపప్పు వంద గ్రాముల్లో 550 కేలరీల దాకా, 25 గ్రాముల ప్రోటీను ఉంటుంది, గుప్పెడు వేయించుకుని తింటే 160 కేలరీలు ఇట్టే చేరతాయి. బాదం, జీడిపప్పు కొనే స్తోమత లేదని బాధపడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి: ప్రోటీను విషయంలో వేరుశనగ బాదంకి తీసిపోదు, ఖర్చులో నాలుగోవంతు కూడా ఉండదు. అందుకే సాయంత్రం పల్లీపట్టీ, ఇడ్లీలోకి పలచటి సాంబారుతోపాటు చిక్కటి పల్లీ చట్నీ, ఇడ్లీ మీద కారప్పొడీ నెయ్యీ. ఆవిరి మీద ఉడికిన ఉత్త ఇడ్లీలు నాలుగు తింటే 240 కేలరీలు రావచ్చు, చట్నీ, నెయ్యి చేరితే అదే పళ్లెం 400 దాటుతుంది. పెసరట్టు, ఉప్మా పెసరట్టు ఇంకా మంచివి.

సున్నుండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేయించిన మినుములు, బెల్లం, నెయ్యి, ఈ మూడింటి కలయిక బరువు పెరగాల్సిన మనిషి కోసమే పుట్టిందనిపిస్తుంది. నిమ్మకాయ కంటే కాస్త పెద్ద ఉండ ఒకటి దాదాపు 200 కేలరీలు. పొట్టు మినుములతో, నెయ్యికి లోభించకుండా చేసిన ఉండలు డబ్బాలో పెట్టుకుంటే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తినొచ్చు. బాలింతలకి, పెద్దమనిషైన అమ్మాయిలకి ఇవి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే, దాన్ని చదువుకునే కుర్రాళ్లకి, ఒంటరిగా ఉద్యోగం చేసుకునే అమ్మాయిలకి కూడా పెట్టాలి. నువ్వుల ఉండలూ అంతే, వాటిలో కాల్షియం అదనపు లాభం. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఈ సలహా వర్తించదు, వాళ్లు బెల్లం లేని పల్లీలు, గుడ్లు, పెరుగు మీద ఆధారపడాలి.

పాల దగ్గర ఒక చిన్న విషయం చాలామంది చూడరు. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ అని ఉంటే 6 శాతం. గ్లాసు పాలలో 60 కేలరీల దాకా తేడా వస్తుంది. ఇంట్లో అందరికీ టోన్డ్ పాలు తెచ్చుకుంటున్నా, బరువు పెరగాల్సిన మనిషికి ఫుల్ క్రీమ్ ప్యాకెట్ ఒకటి విడిగా తేవడం మంచిది, లేదంటే గేదెపాలు పోయించుకోవాలి. రాత్రి పడుకునేముందు ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు కలిపితే 350 కేలరీల దగ్గరికి వస్తుంది. నమలడానికి ఓపిక లేని రోజు ఇవన్నీ మిక్సీలో వేసుకుని తాగేయొచ్చు. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లకి పెరుగు చాలామటుకు పడుతుంది.

"గుడ్లు వేడి చేస్తాయి, నువ్వులు వేడి, పల్లీలు పైత్యం" అన్న భయంతో చాలా ఇళ్లలో సరిగ్గా ఉపయోగపడే పదార్థాలనే పక్కన పెట్టేస్తారు. కొత్తగా ఒకేసారి ఎక్కువ తింటే అరగక ఇబ్బంది పడటం నిజం. రోజుకి నాలుగు పల్లీలతో మొదలుపెట్టి రెండు వారాల్లో గుప్పెడుకి తెచ్చుకుంటే ఎండాకాలంలో కూడా ఏ ఇబ్బందీ రాదు. నీళ్లు మాత్రం బాగా తాగాలి, అయితే భోజనానికి ముందు చెంబెడు తాగేసి కూర్చోకూడదు, ఆకలి చచ్చిపోతుంది. తిన్నాక తాగొచ్చు.

ఆకలి చంపేవి ఇంకా ఉన్నాయి. రోజుకి అయిదారు టీలు, కాఫీలు తాగేవాళ్లకి భోజనం టైముకి ఆకలి ఉండదు, పైగా భోజనంతోపాటు తాగే టీ తిండిలోని ఐరన్ని ఒంటికి పట్టనివ్వదు. సిగరెట్ ఆకలిని నేరుగా తగ్గిస్తుంది. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లకి నోరు బిగుసుకుపోయి, కారం తగిలితే మంట పుట్టి తిండే తగ్గిపోతుంది. రాత్రి రెండింటిదాకా మేలుకుని పొద్దున్న పదింటికి లేస్తే ఒక పూట తిండి లెక్కలోంచి ఎగిరిపోయినట్టే. పరీక్షల టెన్షన్, ఉద్యోగం టెన్షన్ ఉన్నప్పుడు ఆకలి వేసేదాకా ఆగకూడదు, గడియారం చూసుకుని తినాలి. హాస్టల్లో ఉండేవాళ్లకి మెస్సు కూర మార్చే వీలు ఉండదు గానీ పల్లీలు, సున్నుండలు, అరటిపళ్లు, ఒక చిన్న సీసాలో నెయ్యి గదిలో పెట్టుకునే వీలుంది.

పొట్ట మాత్రమే పెరిగితే పెరిగినట్టు కాదు

కేలరీలు పెంచి కూర్చుంటే బరువు పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. ఏం పెరుగుతుందన్నది చూసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి వాళ్ల అంగీకారంతోనే ఆరు నెలలపాటు అరాకొరా తిండి పెట్టి, తర్వాత మళ్లీ తినిపిస్తూ గమనించాడు. ఒంటి బరువులో దాదాపు పావువంతు కోల్పోయిన ఆ మనుషులు తేరుకునేటప్పుడు వాళ్లకి ముందు తిరిగొచ్చింది కొవ్వు, కండ చాలా నెమ్మదిగా వచ్చింది.

మనవాళ్లకి ఈ విషయంలో అదనపు చిక్కు ఉంది. పుణెకి చెందిన మధుమేహ నిపుణుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫోటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండటం భారతీయుల్లో చాలా మామూలు, తక్కువ బరువుకే మనకి షుగర్ రావడానికి అదొక కారణం. చేతులు పుల్లల్లా ఉండి పొట్ట ముందుకొచ్చిన ముప్ఫై ఏళ్ల మగవాళ్లు ఏ ఆఫీసులో చూసినా కనిపిస్తారు. బజ్జీలు, కూల్‌డ్రింకులు, బిర్యానీలతో బరువు పెంచుకోమని చెప్పే సలహా వినకూడదన్నది ఇందుకే. తూకం ముల్లు కదులుతుంది గానీ కదిలించేది పొట్ట కొవ్వు.

తిన్నది కండగా మారాలంటే కండకి పని చెప్పాలి. సన్నగా ఉన్నవాళ్లు వ్యాయామం చేస్తే ఇంకా చిక్కిపోతారన్న అపోహ చాలా బలంగా ఉంది. గంటల తరబడి పరుగెత్తితే నిజమే కావచ్చు, బరువులతో, ఒంటి బరువుతో చేసే కసరత్తు మాత్రం సరిగ్గా దీనికి మందు. జిమ్ ఫీజు కట్టలేకపోయినా ఫర్వాలేదు, మన తాలింఖానాల్లో తరతరాలుగా తీసిన దండీలు, బస్కీలు ఉన్నాయి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విడిచి, దండీలు, బస్కీలు, కడ్డీ పట్టుకుని వేలాడి పైకి లేవడం, రెండు చేతుల్లో బరువైన సంచులు పట్టుకుని నడవడం, ఈ నాలుగు చాలు. దండీ తీయలేనివాళ్లు గోడకి చేతులు ఆనించి మొదలుపెట్టి, తర్వాత బల్లకి, ఆ తర్వాత నేలకి రావాలి. అసలు కిటుకు పెంచుకుంటూ పోవడంలో ఉంది: ఈ వారం ఎనిమిది బస్కీలు తీస్తే వచ్చే వారం పది, ఇరవై తేలికైపోయాక భుజాన బియ్యం సంచి. రోజూ అదే పదితో ఆగిపోతే కండ కూడా అక్కడే ఆగిపోతుంది.

ప్రోటీను లెక్క ఇక్కడ అవసరమవుతుంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలు, కండ పెంచుకునేవాళ్లకి 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి. అంటే 48 కిలోల మనిషికి 58 నుంచి 77 గ్రాములు. పైన చెప్పిన మధ్యాహ్నం కంచంలోనే 30 వచ్చాయి, గుప్పెడు పల్లీలతో 7, రెండు గుడ్లతో 12, గ్లాసు పాలతో 6 లేదా 7, రాత్రి భోజనంలో పప్పో, కోడికూరో, చేపల పులుసో, శనగలో ఉంటే లెక్క సరిపోతుంది. గుడ్డు తినని ఇళ్లలో పెరుగు, పప్పు, పనీర్, సోయా బాగా పెంచుకోవాలి.

మాత్రలు, డబ్బాలు

నెల రోజుల్లో పది కిలోలు అని రాసి అమ్మే పొడులు, పేరు కూడా సరిగ్గా లేని మాత్రలు చిన్న ఊళ్ల దాకా వచ్చేశాయి. వీటిలో తరచూ దొరికేవి రెండు. ఒకటి సైప్రోహెప్టాడిన్, అది నిజానికి అలర్జీ మందు, ఆకలి పెంచుతుంది గానీ మత్తుగా నిద్ర తెస్తుంది, ఆపేస్తే ఆకలి మళ్లీ మామూలే. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు కొద్దిరోజులకి రాస్తారు, సొంతంగా నెలల తరబడి వాడేది కాదు. రెండోది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, అసలు భయపడాల్సింది దీనికి. పదిహేను రోజుల్లో బుగ్గలు గుండ్రంగా ఉబ్బుతాయి, ముఖం నిండుగా కనబడుతుంది, అందరూ "బాగా ఒళ్లు చేశావే" అంటారు. చేరింది నీరు, కొవ్వు. లోపల కాళ్లూచేతుల కండ కరిగిపోతూ ఉంటుంది, ఎముకలు గుల్లబారతాయి, బీపీ, షుగర్ వస్తాయి, ఒంటికి జబ్బుతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోలేక కుప్పకూలిపోవచ్చు, ప్రాణం పోవచ్చు. కాబట్టి ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి రేపే మానేయకూడదు, మాత్రల పట్టీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే మోతాదు తగ్గించుకుంటూ ఆపిస్తారు. నాటుమందు, మూలికల మందు అని చెప్పి అమ్మే పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఇవ్వడం ఉంది, పదార్థాల వివరాలు లేని ఏ పొట్లమూ నోట్లో వేసుకోవద్దు.

బరువు పెంచే పొడులని అమ్మే మాస్ గెయినర్ డబ్బాలు అంత ప్రమాదం కాదు గానీ, వెనకవైపు చదివితే చాలావాటిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్ట్రిన్, చక్కెర. వేలు పోసి పిండిపదార్థం కొనుక్కుంటున్నారన్నమాట. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీను పొడులు వాడొద్దని స్పష్టంగానే చెప్పింది.

మరీ చిక్కిపోయినవాళ్ల సంగతి

బీఎంఐ 16 లోపు ఉన్నవాళ్లకి, పది రోజులుగా ఏమీ సరిగ్గా తినకుండా పడి ఉన్నవాళ్లకి పైన చెప్పిన కంచం వెంటనే పెట్టకూడదు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం, తీపి వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో చెరలోంచి విడుదలైన ఖైదీలు కడుపునిండా తిని చనిపోవడం చూశాక వైద్యులకి ఇది బోధపడింది. ఇలాంటి మనిషిని ముందు ఆసుపత్రిలో చూపించి, రక్త పరీక్షలు చేయిస్తూ, కొద్ది కొద్దిగా తిండి పెంచాలి.

మిగతావాళ్లు వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే పళ్లు తోముకుని మూత్రానికి వెళ్లొచ్చాక, అదే తూకం మిషన్ మీద చూసుకుంటే చాలు. రోజూ చూసుకుంటే కిలో అటూఇటూ ఊగుతుంది, అది నీటి బరువు, అనవసరంగా దిగులు. నడుము కొలత కూడా నెలకోసారి టేపుతో చూసి రాసుకోవాలి. బరువు రెండు కిలోలు పెరిగి నడుము రెండంగుళాలు పెరిగిందంటే కసరత్తు తక్కువైందని, తీపీ నూనే ఎక్కువైందని అర్థం. మొదటి నెలలో కిలో నుంచి రెండు కిలోలు పెరిగితే పని బాగా జరుగుతున్నట్టే. నెలంతా చేసినా ముల్లు కదలకపోతే ఇంకో 200 కేలరీలు, అంటే ఒక సున్నుండో, ఒక గ్లాసు గేదెపాలో కలపాలి. మూడు నెలలు క్రమం తప్పకుండా తిని, కసరత్తు చేసి కూడా మార్పు లేకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వారం వారం రాసుకున్న బరువులు, మూడు రోజుల తిండి చీటీ చేత్తో పట్టుకెళ్తే థైరాయిడ్, షుగర్, రక్తం, మలం, గోధుమ పడకపోవడం, వీటిలో ఏ పరీక్ష ముందు చేయించాలో ఆయన తేలిగ్గా తేల్చుకోగలుగుతారు.